కాంటా ఒప్పుకున్న మనిషి

రెండు ఇసుక మూటల దగ్గర కదా మనం ఆమనిని వదిలిపెట్టింది. అక్కడి నుంచే ఎత్తుకుందాం.

పశువుల కొట్టంలో, గడ్డిమోపుల వెనక, మొగుడు దాచిన జిప్పు సంచిలో దొరికాయవి. బత్తాయిపండంత గుడ్డ మూటలు. మూతి పసుపు దారంతో గట్టిగా కుట్టి ఉంది. నొక్కి చూస్తే లోపల ఇసుక. రావల్కోల్‌లో ఏ ఇల్లాలికి ఇట్లాంటివి దొరికినా ముందు ఏ ఆలోచన వస్తుందో ఆమనికీ అదే వచ్చింది. ఎవరో ఏదో చేయించారు. ఆ ఎవరో ఎవరని ఆలోచించి బావగారు జనార్ధన్‌ను ముందు నిలబెట్టింది. ఆయన వెనక ఇద్దరు పాలివాళ్లను నిలబెట్టింది. ఆఖరికి, ఏడుపు ఆపుకుంటూ, కట్టుకున్న మొగుణ్ని కూడా ఆ వరుసలోనే నిలబెట్టింది.

ఆమెను తప్పుపట్టకండి. అనుమానం ఊరికే పుట్టలేదు. శ్రీకాంత్‌కు మూడేళ్ల కింద టీబీ వచ్చింది. అరవై కిలోల మనిషి నలభై ఒకటికి దిగాడు. ఆరు నెలలు ఒక్క పూట తప్పకుండా గోలీలు మింగాడు. తెమడ పరీక్షలో ఏమీ లేదని, రోగం పోయిందని సర్కారు దవాఖానా వాళ్లు కార్డు మీద రాసిచ్చారు. ఆ కార్డును ఆమని దేవుడి పటం వెనక పెట్టుకుంది. అయితే రోగం పోయింది గానీ, మనిషి మాత్రం తిరిగి తోటలోకి రాలేదు. బిందె ఎత్తడు. ఎరువు బస్తా ముట్టడు. చొక్కా విప్పకుండా పడుకుంటాడు, తలుపేసుకుని స్నానం చేస్తాడు. గురువారం గురువారం ద్రాక్ష కత్తెరకు సాన పట్టించుకొస్తానని మేడ్చల్ బస్సెక్కుతాడు. సాన పట్టే కుర్మయ్యనడిగితే, "మీ ఆయన మొఖం ఎండకాలం నుంచి చూడలేదమ్మా" అన్నాడు. పక్కింటి శంకరమ్మ ఇంకో అడుగు ముందుకేసి, "పెద్ద రోగమేమో, మెల్లగ సూపిచ్చుకో పిల్లా" అని చెవిలో ఊదిపోయింది.

ఇదంతా ఒక ఎత్తు, ఆదివారం ఒక ఎత్తు.

ఆ ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. అక్టోబర్ కత్తిరింపు మొదలయ్యే రోజు ద్రాక్షపందిరి మొదటి సాలును తోటగలాయన తన చేత్తోనే కోయాలి. ఆ తరువాతే కూలీలు పందిరి కింద అడుగుపెట్టాలి. మామగారు బతికున్నన్నాళ్లు ఆయన కోశాడు, ఆయన తరువాత శ్రీకాంత్. శ్రీకాంత్ మంచాన పడ్డప్పటి నుంచి జనార్ధన్. తన వంతుకు వచ్చిన మెట్ట చేలన్నిట్లో తెల్లరాళ్లు పాతి ప్లాట్లు చేసిన జనార్ధన్‌కు, ఈ నాలుగెకరాల తోట కూడా కలిస్తే వెంచరుకు రోడ్డు మొగం కుదురుతుంది. అందుకే పెద్దమనుషుల ముందు మాట పెట్టాడు. తమ్ముడు ఈసారి మొదటి సాలు కోస్తే తోట తమ్ముడిదే. కోయలేకపోతే మూడేళ్లు నడిపిన చెయ్యి తనది గనక తోట తనది. తల్లి బుచ్చమ్మ తలూపింది. శ్రీకాంత్ కూడా తలూపాడు. ఆమని తల సంగతి ఎవరూ అడగలేదు.

ఆదివారం పొద్దున ఎనిమిదింటికే జనార్ధన్ జీపు తోట ముందు ఆగింది. ముందు సీట్లోంచి బుచ్చమ్మ దిగింది. వెనకనుంచి ఊరి పెద్దమనిషి లింగం, ఆయనతోపాటు మరో ఇద్దరు దిగారు. అందరికంటే చివర ఒక కర్రపీట దిగింది.

పీట ఎందుకు తెచ్చినట్టు? తోటలో పీటలు కరువా? ఈమధ్య బావగారు ఏది తెచ్చినా ఆమనికి 'ఎందుకు తెచ్చినట్టు' అనే అనిపిస్తోంది. పోయిన నెల ఆయన పంపిన జున్నును నోట్లో పెట్టకుండా కుక్కకు వేసింది. కుక్క శుభ్రంగా తిని, ఇప్పటికీ తోక ఊపుకుంటూ తిరుగుతోంది. అయినా ఆమనికి నమ్మకం కుదరలేదు. ఇవ్వాళ మాత్రం ఒక నిర్ణయానికి వచ్చి ఉంది. ఆ జిప్పు సంచిని కొంగు చాటున చంకలో పెట్టుకుని వచ్చింది. కత్తిరింపు అయిపోగానే పెద్దమనుషుల ముందే మూటలు బయట పడేసి, ఇవేమిటో తేల్చమని అడగాలనుకుంది.

ఆమె మూటలు తీసేలోగా జనార్ధన్ కాంటా తీయించాడు. షెడ్డులో ద్రాక్ష పెట్టెలు తూచే కాంటాను పందిరి ముందుకు లాగించి, "తమ్మీ, ఇటు రా. ఓసారి ఇది ఎక్కు" అన్నాడు.

"ఎందుకన్నా?" అన్నాడు శ్రీకాంత్.

"రేపు ఎవడన్న, బీమారోనితోటి కత్తెర వట్టిచ్చి తోట గుంజుకున్నడని నా మీద మన్ను వోయొద్దు గద. పెద్దమనుషుల ముంగట తేలనీ. నువ్వు మంచిగున్నవా లేదా, కాంటనే చెప్తది."

శ్రీకాంత్ చెప్పులు విప్పి ఎక్కాడు. లింగం వంగి ముల్లు చూశాడు. కళ్లు నులుముకుని మళ్లీ చూశాడు.

"అరవై నాలుగు! ఓరి నీ, రోగం రాకముందు గూడ ఇంత లేకుంటివి గదరా!"

అంత అనుమానంలోనూ ఆమనికి గర్వంగా అనిపించింది. ఆ కిలోలు ఆమెవి. పొద్దున్నే రెండు గుడ్లు, వారానికి రెండుసార్లు మేకకాళ్ల పాయ, అన్నంలోకి గరిటెడు నెయ్యి. ప్రతి నెలా ఒకటో తారీఖున మొగుణ్ని ఇదే కాంటా మీద నిలబెట్టేది. ముల్లు కాస్త కదిలిందంటే ఆ రోజు ఇంట్లో పరమాన్నం. రోగం ఎత్తుకుపోయిన మనిషిని తిండి పెట్టి పెట్టి తిరిగి తెచ్చుకున్నానని ఆమె లోలోపల మురిసేది.

"బరువొచ్చింది, రంగొచ్చింది. మనిషి ఎప్పటిలెక్కనే అయిండు" అన్నాడు జనార్ధన్ అందరికీ వినబడేట్టు. "లింగన్నా, చూసినవ్ గద? మీరంత చూసిన్రు గద?"

చూశామన్నారు. బుచ్చమ్మ కొడుకును చూసి మెటికలు విరిచింది.

ఆమనికి మాత్రం ఎక్కడో చుర్రుమంది. తమ్ముడు బాగున్నాడని తేలితే తోట పోయేది ఈయనకే కదా. మరి నష్టపోయే మనిషి ఆ మాటను అంత సంబరంగా, మనిషి మనిషినీ అడిగి మరీ ఎందుకు చెప్పిస్తున్నట్టు?

మొదటి సాలులో ఇరవై చెట్లు. జనార్ధన్ తానే వెళ్లి మొదటి చెట్టు కింద పీట వేశాడు. మూరెడెత్తు పీట. శ్రీకాంత్ ఎక్కి, నెత్తి మీది పందిరికి చేతులెత్తాడు. ఎడమ చేత్తో కొమ్మ వంచాడు, చిగురు పొడిచే కన్నులు చూసుకున్నాడు, ఆరు కన్నులు వదిలి టక్కున కోశాడు. మూడేళ్లయినా చెయ్యి పని మరచిపోలేదు. ఏ కొమ్మ ఉంచాలో, ఏ కొమ్మ తీయాలో ఆ కత్తెరకు తెలిసినట్టు మరెవరికీ తెలియదని మామగారు అనేవాడు. రెండో చెట్టు, మూడో చెట్టు. బుచ్చమ్మ కళ్లు తుడుచుకుంది.

నాలుగో చెట్టు దగ్గర చేతులు కిందికి దిగడం మొదలైంది. ఒక కొమ్మ కోయడం, చేతులు దించడం, ఊపిరి పీల్చడం, మళ్లీ ఎత్తడం. ఎత్తినప్పుడల్లా చేతి గడియారం మణికట్టు మీంచి మోచేతి దాకా జారుతోంది. పెళ్లప్పుడు ఆ గడియారం గొలుసు బిగుతుగా ఉందని, రెండు లంకెలు ఎక్కువ వేయించారు. ఐదో చెట్టుకు వచ్చేసరికి కత్తెరను రెండు చేతులా పట్టుకున్నాడు. మెడ నరాలు ఉబ్బాయి.

"కానియ్ తమ్మీ, కానియ్" అంటున్నాడు జనార్ధన్.

అరవై నాలుగు కిలోల మనిషి పావు కిలో కత్తెర ఎత్తలేడా? ఆమని ఛాతీలో ఏదో ముల్లు విరిగింది. నాటకమా ఇది? అన్నదమ్ములిద్దరూ లోపల లోపల మాట్లాడుకుని, తోటను వెంచర్లో కలపడానికి నలుగురి ముందు ఈ తంతు పెట్టారా? గురువారాలు ఈయన పోయేది అన్న ప్లాట్ల ఆఫీసుకేనా? ఆలోచన వచ్చాక ఇక పోలేదు.

ఆరో చెట్టు దగ్గర శ్రీకాంత్ కాళ్లు వణికాయి. పీట ఒక పక్కకు ఒరిగింది. కుడిచెయ్యి ఆనించి పడ్డాడు. టప్పుమని శబ్దమైంది. కత్తిరింపు జరిగే తోట కాబట్టి అందరూ కొమ్మ విరిగిందనే అనుకున్నారు.

"లే తమ్మీ. మూరెడెత్తుకెల్లి పడితే ఏమైతది?" అన్నాడు జనార్ధన్. వెనకున్న పెద్దమనుషుల్లో ఒకాయన నవ్వాడు.

శ్రీకాంత్ లేవలేదు. ఆమని దగ్గరికి వెళ్లింది. ఆమె నోటి నుంచి ఏ మాట వచ్చిందో చెప్పాలంటే నాకే కష్టంగా ఉంది. "నకరాలు సాలుగని లే. అందరు చూస్తున్రు" అంది. అన్నాక చూసింది. మణికట్టు దగ్గర చెయ్యి ఉండాల్సిన తీరులో లేదు. ఆమె మొగుడు పెదవి కొరుక్కుని, అరవకుండా, ఆమె ముఖంలోకే చూస్తున్నాడు. ఆ మాట వెనక్కి తీసుకునే దారి ఏ భాషలోనూ లేదు.

లింగం తల గోక్కున్నాడు. "కట్టు కట్టిచ్చుకొని రాపోండ్రి. మాట మల్ల ఆదివారం మాట్లాడుకుందాం. అంతకన్న కత్తిరింపు ఆగది, ఆగితే కాత రాదు" అన్నాడు. జనార్ధన్ తమ్ముణ్ని రెండు చేతులా ఎత్తి జీపులో కూర్చోబెట్టాడు. కింద పడ్డ కత్తెరను తుడిచి, స్టీరింగు ముందర పెట్టుకున్నాడు.

మేడ్చల్ బస్టాండు వెనక నర్సింగ్ హోంలో డాక్టరమ్మ పేరు సుప్రజ. కాకినాడ వైపు మనిషి. షామీర్‌పేట దగ్గర కొత్త కాలనీలో ఇల్లు కట్టుకుని రెండేళ్లే అయింది. కరెంటు అప్పుడే పోయింది. ఎక్స్‌రే ఫిలిమును కిటికీ వెలుగుకు పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఎంత ఎత్తు నుంచి పడ్డారు?"

"మూరెడు" అంది ఆమని.

"మూరెడేనా?" డాక్టరు చూపు ఎక్స్‌రే మీది నుంచి ఆమని మీదికి వచ్చింది. శ్రీకాంత్ వైపు తిరిగి గొంతు తగ్గించి, "నిజం చెప్పండి. ఇంట్లో ఎవరైనా కొట్టారా?" అంది.

"ఎవరు కొడ్తరమ్మా? నేనా?" ఆమని గయ్యిమంది. పొద్దుటి నుంచీ అందరినీ అనుమానించిన మనిషికి, తనను ఒకరు అనుమానించేసరికి ఒళ్లు మండిపోయింది.

"కోప్పడకండి. నలభై ఏళ్లు కూడా లేని మనిషికి ఇంత చిన్న పడటానికి ఇలా విరగకూడదు. ఎముక చూడండి, అంచులు కాయితంలా ఉన్నాయి. ఏమండీ, గతంలో పెద్ద జబ్బేమైనా చేసిందా?"

టీబీ అని చెప్పాడు శ్రీకాంత్. డాక్టరమ్మ చొక్కా విప్పమంది. విప్పనన్నాడు. విరగని చేత్తో బొత్తాలు పట్టుకున్నాడు. ఆమె నర్సును పిలిచి విప్పించింది.

ఆమని రెండేళ్ల తరువాత మొగుడి ఒంటిని పట్టపగలు చూసింది. బొజ్జ గుండ్రంగా ఉంది. అది ఆమె పోసిన నెయ్యి. దానిపైన రెండు భుజాలు కొయ్యకు తగిలించిన చొక్కాలా వేలాడుతున్నాయి. దండచేయి ఆమె మణికట్టుకన్నా కాస్తే లావు. నడుం వాలకుండా చుట్టూ పట్టీ వేసుకుని ఉన్నాడు. తలుపేసుకుని స్నానం చేసిన మనిషి దాచుకున్నది రోగం కాదు, ఆడమనిషీ కాదు, ఈ ఒళ్లు.

"మల్ల టీబీ వచ్చిందా అమ్మా?" అని అడిగింది.

"చేతితో పాటు తీసిన ఛాతీ ఫిలిం శుభ్రంగానే ఉంది. తెమడ కూడా పంపుతాను, కానీ అది మళ్లీ వచ్చిందని నాకనిపించడం లేదు. ఇది అది వెళ్తూ వెళ్తూ చేసిన పని. జబ్బు ఒంట్లో ఉన్నన్నాళ్లూ కండను తింటుందమ్మా. మందులు క్రిమిని చంపుతాయి గానీ, పోయిన కండను తెచ్చివ్వవు. కండ పని చేయకపోతే ఎముకా పలచబడుతుంది. ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది."

"కాంట మీద అరవై నాలుగొచ్చింది గదమ్మా! పొద్దుగాలనే తూచిన్రు!"

"కండ ఎంతో, కొవ్వు ఎంతో కాంటాకెలా తెలుస్తుంది? మీరు పెట్టిన తిండి వృథా కాలేదు, మనిషి నిలబడ్డాడు. కానీ వచ్చిన బరువులో చాలా భాగం కొవ్వే. కండ రావాలంటే తిండితో పాటు కొద్దికొద్దిగా చేతులకు, కాళ్లకు పని చెప్పాలి. దానికీ ఒక పద్ధతుంది."

ఆమనికి ఆ కాంటాను తీసుకుపోయి బావిలో వేయాలనిపించింది. ఇరవై నాలుగు నెలలు ఆ ముల్లును నమ్మింది, పక్కనున్న మనిషిని నమ్మలేదు. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. చంకలోని సంచి తీసి రెండు మూటలనూ డాక్టరమ్మ బల్ల మీద పెట్టింది.

"మరి గివేందో గూడ చెప్పమనుండ్రి. గడ్డిల దాచిండు."

డాక్టరమ్మ రెండు చేతుల్లో రెండు మూటలు పట్టుకుని బరువు చూసింది. ఆమె ముఖంలో ఏదో మెత్తబడింది. "ఇవి చేతుల వ్యాయామానికి" అంది. "ఎవరు నేర్పించారు మీకు?"

శ్రీకాంత్ నేల చూపులు చూశాడు. "పట్నంల దవాఖానల చెప్పిన్రు. గురువారం గురువారం పోతున్న. ఒక్కోటి అరకిలో. పొద్దుగాల ఇరవై సార్లు, పొద్దుమీకి ఇరవై సార్లు ఎత్తాలె."

"నాకెందుకు చెప్పలే?" అంది ఆమని.

"ఏమని చెప్పాలె? యూరియా బస్త భుజం మీదేసుకొని ఉర్కినోణ్ని. అరకిలో ఇసుక ఎత్తుడు నేర్చుకోనీకి పట్నం పోతున్న అని చెప్పాలెనా?" విరగని చేత్తో చొక్కాను భుజం మీదికి లాక్కున్నాడు. "నెల నెల కాంట మీద ముల్లు చూసి నువ్వెంత సంబురపడుతుంటివి. గా సంబురం తియ్యబుద్ధి గాలే."

పసుపు దారం కుట్లు ఎంత వంకర టింకరగా ఉన్నాయో ఆమని అప్పుడు చూసింది. సూది పట్టడం రాని మగవాడు, కొట్టంలో కూర్చుని, భార్యకు తెలియకుండా కుట్టుకున్న కుట్లవి. చేతబడి అనుకుంది తను. ఆమె ఏడ్చింది. డాక్టరమ్మ నర్సుతో ఏదో చెబుతున్నట్టు అటు తిరిగింది.

"పట్నంలో రాసిన కాయితాలేమైనా ఉన్నాయా? ఉంటే నాకు చాలా ఉపయోగం" అంది మళ్లీ ఇటు తిరిగి.

"లెవ్వు" అన్నాడు శ్రీకాంత్. ప్రశ్న ఇంకా పూర్తి కాకముందే అన్నాడు.

కన్నీళ్లు తుడుచుకుంటున్న ఆమని చెయ్యి ఆగింది. ఆ తొందర ఆమెకు తెలుసు. కత్తెరకు సాన పట్టించుకొస్తానని గురువారాలు చెప్పిన తొందర అది.

"దవాఖానకు నీతోని ఎవరొచ్చిన్రు?" అంది మామూలుగా.

"ఎవరు రాలే. ఒక్కణ్నే పోయిన."

కట్టు వేయడానికి అతన్ని లోపలి గదికి తీసుకుపోయారు. ఆమని మూటలు తిరిగి సంచిలో పెడుతుంటే, అడుగున చిరిగిన అస్తరు లోపల వేళ్లకు ఏదో గరుకుగా తగిలింది. లాగితే నాలుగు మడతల కాయితం. పైన ఇంగ్లీషు. పదో తరగతి చదువుతో తారీఖు వరకు పోల్చుకుంది. ఫిబ్రవరి. ఎనిమిది నెలల కిందటిది. అడుగున మాత్రం తెలుగులో, రోగి బంధువుల కోసం, చేత్తో రాసి ఉంది.

'నేర్పిన వ్యాయామం తప్ప బరువులు ఎత్తరాదు. చేతులు తల మీదికి ఎత్తి చేసే పనులు చేయరాదు. పడితే ఎముకలు విరిగే ప్రమాదం ఉంది. ఈ సంగతి రోగికీ, వెంట వచ్చినవారికీ వివరంగా చెప్పడమైనది.'

దాని కింద రెండు సంతకాలు. ఒకటి శ్రీకాంత్‌ది. రెండోది, వెంట వచ్చినవారిది. తోకను పక్క అక్షరం కిందికి పాకించిన 'జ'. ఆ జ రావల్కోల్‌లో ప్రతి ప్లాటు కాయితం మీదా ఉంటుంది. జనార్ధన్, అన్న.

పొద్దున లాగించిన కాంటా, జీపులోంచి దిగిన పీట, 'మీరంత చూసిన్రు గద' అని నలుగురితో చెప్పించిన మాట, ఒక్కొక్కటే వచ్చి ఆమె ముందు నిలబడ్డాయి. తమ్ముడు పడతాడని తెలిసే ఎక్కించాడు. పడితే ఎముక విరుగుతుందని సంతకం పెట్టి మరీ తెలుసుకున్నాడు. అంతవరకు ఆమెకు అర్థమైంది. అర్థం కానిది ఒకటే. తెలిసి తెలిసి పీటెక్కి, తనను ఎక్కించిన అన్న పేరును శ్రీకాంత్ ఎందుకు దాస్తున్నాడు? ఎవరూ రాలేదని పెళ్లాం ముఖంలోకి చూసి ఎందుకు చెప్పాడు? అన్నదమ్ములిద్దరి మధ్యా ఏదో ఉంది. తన తోట, తన మొగుడి ఎముకలు రెండూ దాంట్లోనే ఇరుక్కున్నాయి.

కాయితాన్ని చిన్నగా మడిచి కొంగు చివర ముడివేసుకుంది. బయటికి వచ్చింది.

జనార్ధన్ జీపుకు ఆనుకుని నిలబడ్డాడు. చేతిలో కొట్టించిన కొబ్బరిబోండం. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "తాగు, పొద్దుగాలకెల్లి ఏం తినలే నువ్వు. డాక్టరమ్మ ఏమన్నది?"

"టీబీ పోంగ పోంగ కండ తీస్కపోయిందట. ఎముకలు గుల్ల అయినయట."

"అయ్యో!" నెత్తి కొట్టుకున్నాడు. "గట్ల గూడ అయితదా? మనకెట్ల ఎరుకైతది ఆమనీ? కాంట మీద మంచిగనే ఉండె గద. ఎరుకుంటె నేనే పీటెక్కనిస్తుంటినా?"

అబద్ధం ఇంత తడిగా ఉంటుందని ఆమనికి ఇంతకుముందు తెలియదు. బోండం అందుకోలేదు. స్టీరింగు ముందరి కత్తెర వైపు చూసింది.

"బావా, గా కత్తెర ఇటియ్యి."

"ఇప్పుడు అదెందుకు నీకు?"

"మొదటి సాలుల ఇంక చెట్లున్నయి. ఆదివారం దాంక టైమున్నది."

"ఎవరు కోస్తరు? వానికి నెలన్నర దాంక కట్టు తియ్యరు."

"నేను కోస్త. పెండ్లయి పదమూడేండ్లాయె, గా పందిరి కిందనే ఉన్న. ఏ కన్ను మీద కొయ్యాల్నో నాకూ ఎరుకే."

జనార్ధన్ నవ్వాడు. ఆమె నవ్వలేదని చూసి ఆపేశాడు. కిటికీలోంచి చెయ్యి పెట్టి కత్తెర తీశాడు, పిడి ఆమె వైపు తిప్పి చాచాడు. ఆమని పట్టుకుంది. ఆయన వదల్లేదు. కత్తెరకు చెరో కొస ఇద్దరి చేతుల్లోనూ ఉంది. రోడ్డు మీద షేర్ ఆటోవాడు దుండిగల్, దుండిగల్ అని కేకలేస్తున్నాడు.

ఆయన కొంచెం వంగి, ఎవరికీ వినబడనంత మెల్లగా అడిగాడు.

"వాని సంచి నీ దగ్గరనే ఉన్నది గద ఆమనీ. అండ్ల పాత కాయితమేమన్న కనవడ్డదా?"

మూడేళ్లుగా ఆ ఇంట్లో అందరి అబద్ధాలనూ వాసన పట్టిన ఆమని, ఆయన కళ్లలోకి సూటిగా చూసి తన మొదటి అబద్ధం ఆడింది.

"ఏం కాయితం, బావా?"

జనార్ధన్ చూపు ఆమె కొంగు ముడి మీద ఉంది.